విత్తనాల పిడక

మా వీధిలో మేడల మీద కుండీలు పెట్టుకునే ఆడవాళ్ళు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. “పెద్దమ్మా, కొత్తగా మొదలుపెట్టాం, ఏం చెయ్యాలో చెప్పండి” అంటారు. చెబుతాను. కాస్త కసురుకుంటాను కూడా. వాళ్ళలో సగం మంది గింజ వేసిన మర్నాడే మట్టి కెలికి, మొలిచిందా లేదా అని చూసుకుంటారు. తక్కినవాళ్ళు మొక్క మీద ప్రేమ పొంగి బిందెలకు బిందెలు కుమ్మరించి వేరు కుళ్ళబెడతారు. మట్టి సంగతి, నీళ్ళ సంగతి, పురుగు సంగతి అన్నీ ఓపిగ్గానే చెబుతాను. విత్తనం ఎలా దాచాలని అడిగితే మాత్రం, బూడిద కలిపి డబ్బాలో పోసుకోండని మాట తెంచేస్తాను. పేడ పిడకలో దాచే పద్ధతి ఒకటుంది. అది నాకు బాగా తెలుసు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాది కోట అనే ఊరికి తూర్పున, సముద్రం హోరు ఇంట్లోకి వినిపించేంత దగ్గరలో ఒక చిన్న ఊరు. యాభైలు ముగిసి అరవైలు మొదలవుతున్న రోజులు. బజార్లోకి కొత్తగా కిలో రాళ్ళు వచ్చాయని చెప్పుకునేవాళ్ళు గానీ, మా ఊళ్ళో ఇంకా వీశెల లెక్కే నడిచేది. నాయనకు కొంచెం వేరుసెనగ చేను, మేం సరివి అనే సరుగుడు చెట్ల తోపు ఒకటి ఉండేవి. మట్టి గోడల మీద తాటాకు కప్పిన ఇల్లు. ఇంట్లో నాయన, అమ్మ, నాయన తల్లి అయిన మా అవ్వ, నేను. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు.

అమ్మ పుట్టిల్లు కోవూరు దగ్గర, పెన్న కాలువ పారే నల్లమట్టి నేల. కాపురానికి వచ్చిన కొత్తలో మా పెరట్లో ఒక చెంబుడు నీళ్ళు పోసి, చూస్తుండగానే అవి ఇసుకలోకి ఇంకిపోతే కూర్చుని ఏడ్చిందట. “ఈ నేలకు అడుగే లేదత్తా” అన్నదట అవ్వతో. ఆ ముచ్చట అవ్వ నవ్వుతూ చాలాసార్లు చెప్పేది. ఏడ్చి ఊరుకునే మనిషి కాదు అమ్మ. వేసవిలో చెరువు ఎండినప్పుడు అడుగున బీటలు వారిన ఒండ్రు పెళ్ళలను గంపతో మోసుకొచ్చి, రోకలితో నలిపి ఇసుకలో కలిపింది. బాగా చివికిన గొర్రె ఎరువు కలిపింది. పచ్చి పేడ ఎప్పుడూ వేసేది కాదు, అది వేడెక్కి లేత వేళ్ళను మాడ్చేస్తుంది. ఎండ నేలను తాకకుండా పైన రాలిన సరివి ఆకు పరిచేది. ఇప్పుడు అడిగినవాళ్ళకు నేను చెప్పేదీ ఇదే. ముందు నేలకు అడుగు కట్టండి, గింజ సంగతి ఆ తర్వాత చూద్దాం. అంగట్లో ఎరువు పొట్లం కొనుక్కొచ్చి ఉత్త ఇసుకలో పోస్తే అది నేరుగా పాతాళానికే పోతుంది.

ఎండాకాలం మా బావి నీళ్ళు ఉప్పెక్కేవి. తోపు అవతలి ఇసుక దిబ్బల్లో చెలమ తీసి మొక్కలకు నీళ్ళు తెచ్చేవాళ్ళం. మోచేతి లోతున తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. ఆశపడి ఇంకా లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. అమ్మ కొబ్బరి చిప్పతో నిదానంగా తోడి బిందె నింపేది. అడుగున చిల్లి పడిన పాత కుండను మొక్క పక్కన పాతి, చిల్లిలో గుడ్డ పేలిక దూర్చి అందులో పోసేది. నీళ్ళు చుక్క చుక్కగా వేరుకే అందేవి. కుండీల వాళ్ళకు ఈ కిటుకు చెబితే చాలా సంతోషిస్తారు.

ఇక పిడక. కాయ ముదిరి తీగ మీదే ఎండాక గింజలు తీసి, కడిగి, నీడన ఆరబెడతారు. తాజా ఆవు పేడలో కాస్త బూడిద, ఆ గింజలు కలిపి ముద్ద చేసి చూరు కింద గోడకు కొడతారు. అరచెయ్యి, అయిదు వేళ్ళు దాని మీద అచ్చు పడతాయి. ఎండిపోయి గోడను కరుచుకుని ఉన్నన్నాళ్ళు గింజకు పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. విత్తే కాలానికి ఊడదీసి నానబెడితే గింజలు బయటపడతాయి. మా వైపు ఏ ఇంటి వెనక్కి వెళ్ళినా ఆ ఇంటి ఆడవాళ్ళ చేతులు గోడ మీద కనిపించేవి. పొయ్యి పిడకలు ఎండ తగిలే గోడకు, విత్తనాల పిడకలు చూరు కింద నీడ గోడకు. ఉన్న తేడా అంతే. చూడటానికి రెండూ ఒకటే.

ఆ వేసవి చివర అమ్మ గుమ్మడికి, దోసకు, సొరకు పిడకలు కొట్టింది. కొద్ది రోజులకే జ్వరం పట్టుకుంది. కోట నుంచి వైద్యుణ్ణి బండి మీద తీసుకొచ్చారు. ఆయన మందు పోశాడు. జ్వరం తగ్గలేదు. అమ్మ పోయింది. అంతకంటే వివరంగా చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు.

అమ్మ చీరలు ఎవరెవరికో ఇచ్చేశారు. చాప కాల్చేశారు. గోడ మీద చెయ్యి మాత్రం అలాగే ఉంది. పొద్దున లేవగానే వెనక్కి వెళ్ళి, చూరు బాగా కిందికి వంగిన మూల ఉన్న పిడక మీద నా చెయ్యి ఆనించేదాన్ని. అమ్మ చిన్నప్పుడు కొడవలి తగిలి చిటికెన వేలు వంకర పోయింది. ఆ పిడకలో ఆ వంకర కూడా స్పష్టంగా పడింది. నా చెయ్యి అందులో మునిగిపోయి, చుట్టూ ఇంకా అమ్మ చెయ్యి మిగిలేది. తీశాక చాలాసేపు అరచెయ్యి వెచ్చగా ఉండేది. అది నీడ గోడ, ఎండ తగలదు. ఆ వెచ్చదనం ఎక్కడిదో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అమ్మ పెరట్లోనే ఉందని నమ్మేదాన్ని. చెలమ దగ్గర నీళ్ళు తోడుతుంటే వెనక ఇసుకలో అడుగు పడినట్టు వినిపించేది. నేను తిరిగి చూసేదాన్ని కాదు. చూస్తే వెళ్ళిపోతుందేమోనని భయం. నీళ్ళు తొణకకుండా, ముందుకే చూస్తూ, బిందెతో ఇంటికి నడిచేదాన్ని. వెనక అడుగులు పెరటి దడి దాకా వచ్చేవి.

ఈ పిచ్చి నా ఒక్కదానిదే కాదని ఒక పొద్దున తెలిసింది. నాయన నాకంటే ముందు లేచి అదే పిడక మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, చూరు సర్దుతున్నట్టు ఒక తాటాకును పట్టి లాగాడు. నేను చూడనట్టే ముఖం కడుక్కోవడానికి పోయాను. ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తుకోలేదు.

వానలకు ముందు నాయన అక్క బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చింది. పెద్ద సంసారం, వడ్ల వ్యాపారం, నోరు కూడా పెద్దదే. వచ్చిన గంటలోనే చీర ఎగ్గట్టి ఇంటి చాకిరీ అంతా నెత్తిన వేసుకుంది, అది కాదనను. కానీ మొదటి రోజు నుంచీ ఒకటే పాట.

“ఈ ఇసకలో ఏముండాదిరా తినేదానికి? ఎండుచేపలు తప్పితే ఇంకోటి లేదు. తల్లి లేని ఆడబిడ్డ. మనమ్మకేమో చూపు ఆనదు. పాపను నాతో పంపించు. ఆడ నా పిల్లల్తో పాటు ఇంత ముద్ద తింటాది.”

నాయన జవాబు చెప్పేవాడు కాదు. ఆ మౌనమంటే నాకు భయం. ఎందుకంటే ఆయన ఒప్పుకునేటప్పుడు కూడా అలాగే ఉండేవాడు. బుచ్చిరెడ్డిపాలెంలో అన్నీ ఉంటాయని నాకు తెలుసు. అమ్మ ఉండదు. నన్ను అక్కడికి పంపితే అమ్మ ఈ పెరట్లో ఒక్కతే అయిపోతుందని నా బాధ.

చివరికి అవ్వే అడ్డుపడింది. “వానలు ఎలిసినాక పెరడు మళ్ళా కాసిందంటే మాకు జరిగిపోతాదిలే మే. కూడు నేను ఒండుతా, పాప పెరడు చూసుకుంటాది. కాయలేదనుకో, అప్పుడు తీసకపో.”

అత్త నవ్వింది. “సరేమ్మా. ఈ బిడ్డ ఈ ఇసకలో ఏం కాయిస్తాదో నేనూ చూస్తా.”

అలా నా బతుకు పెరటికి ముడిపడింది. పెరడు కాస్తే నేను ఉంటాను. కాయకపోతే బండెక్కుతాను.

కార్తీకంలో ముసురు పట్టింది. సముద్రం మీద నుంచి గాలి, తెరిపి లేని వాన. ఎండ గోడ మీది పిడకలు కరిగి కారిపోయాయి. పుల్లలన్నీ తడిసి పొగ తప్ప మంట రాలేదు. అత్త పొయ్యి ఊది ఊది, కళ్ళు ఎర్రబడి, విసుగెత్తి వెనక్కి వెళ్ళి, చూరు కింద పొడిగా కనిపించిన పిడకలు ఊడదీసుకొచ్చి పొయ్యిలో పెట్టింది. ఈ ఇంటి ఆడపిల్లే అయినా, ఆవిడ పసితనం నుంచీ మేనమామ ఇంట్లో ఆ వైపే పెరిగింది. వాళ్ళ వైపు విత్తనాలు కుండల్లో దాస్తారు, గోడకు కొట్టరు. ఆవిడకు పిడకంటే పిడకే.

నేను వసారాలో ఉన్నాను. మంచి మంట లేచింది. “అబ్బ, ఇప్పటికి” అంది అత్త. అంతలో పొయ్యిలో టపటపా పేలడం మొదలైంది. గుమ్మడి గింజలు వేయించిన కమ్మటి వాసన ఇల్లంతా నిండింది. అవ్వ గోడ పట్టుకుంటూ వచ్చి, “ఏంది మే పేలతుండేది?” అని అడిగింది. నాకు అర్థమైపోయింది. పొయ్యి దగ్గరికి ఉరికి లోపలికి చెయ్యి పెట్టబోతే అత్త రెక్క పుచ్చుకుని వెనక్కి లాగింది. మంటలో ఒక పిడక నిలువుగా ఉంది. దాని మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా వెలుగుతున్నాయి. అయిదు వేళ్ళూ విప్పి అమ్మ నాకేదో చెబుతున్నట్టే ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే బూడిదగా మారి రాలిపోయాయి. అమ్మను తీసుకుపోయినప్పుడు ఆడపిల్లనని నన్ను వల్లకాటికి రానివ్వలేదు. అమ్మ కాలడం నేను ఆ పొయ్యిలో చూశాను.

సంగతి తెలిశాక అత్త నెత్తి కొట్టుకుంది. “నాకేం తెలుసు తల్లీ, నాకేం తెలుసు” అని ఏడ్చింది. నిజమే, తెలియకే చేసింది. అయినా నేను ఆవిడను క్షమించలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కూడా ముసురు పట్టిన రోజున ఎవరింట్లోనైనా గుమ్మడి గింజలు వేయిస్తే నా ఒళ్ళు మండుతుంది.

ఒక్క పిడక మిగిలింది. మంట నిలబడ్డాక అవసరం లేక, మూలన చూరు కిందికి వంగి దూరలేక, అత్త దాన్ని వదిలేసింది. అది నేనూ నాయనా చెయ్యి పెట్టే పిడకే.

వాన వెలిసి, అత్త వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. మాఘం వెళ్ళేసరికి మళ్ళీ వచ్చి చూస్తానంది. మార్గశిరం వచ్చింది. అవ్వ నన్ను పిలిచింది.

“ఆ పిడక తియ్యి పాపా. నానబెడదాం.”

“నేను తియ్యను.”

“ఇంకో ఏడు ఆపితే గింజలు సచ్చిపోతాయి.”

“సచ్చిపోనీ.”

“మరి అత్తతో పోతావా?”

అమ్మ దగ్గర ఉండాలంటే పెరడు కాయాలి. పెరడు కాయాలంటే అమ్మ చెయ్యి నీళ్ళలో కరగాలి. ఎటు తిరిగి ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగేదాన్ని. చుట్టుపక్కల ఇళ్ళలో గింజలు అడిగాను. ఆ ముసురులో ఊరి పెరళ్ళన్నీ మునిగిపోయి ఎవరి గింజలు వాళ్ళకే చాలలేదు. చావు జరిగిన ఇంటికి ఏడాది తిరక్కుండా గింజ ఇవ్వడానికి కొందరు జంకారు కూడా. ముఖం మీద అనలేదు, కానీ దడి దగ్గరే నిలబెట్టి పంపించారు.

ఒక పొద్దున ఎప్పటిలాగే చెయ్యి ఆనించి, తీసి, చూశాను. చిటికెన వేలు వంకర కనిపించలేదు. వెలుతురు చాలలేదేమోనని తాటాకు ఎత్తి పట్టుకుని చూశాను. వాన తేమకు మెత్తబడిన పిడక నా చెయ్యీ, నాయన చెయ్యీ రాసుకుని రాసుకుని నున్నగా అయిపోయింది. వేళ్ళ మధ్య గీతలు పూడుకుపోతున్నాయి. మేం తాకిన ప్రతిసారీ అమ్మను కొంచెం చెరిపేస్తున్నాం. ఆ క్షణం నాకు వచ్చిన దుఃఖం, అమ్మ పోయిన రోజున కూడా రాలేదు. ఏడుస్తూనే రెండు చేతులతో పిడకను గోడ నుంచి పెరికాను. అది చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది.

మూకుట్లో నీళ్ళు పోసి పిడకను అందులో పెట్టాను. అది మెల్లగా విచ్చుకుంది. అవ్వ వేళ్ళతో తడిమి, “సొర గింజలు” అంది. తేలినవి తీసి పారేశాం, అవి తాలు. మునిగినవే మంచివి. సొర గింజ పెంకు మొండిది, ఒక పూట నానాలి. తర్వాత తడిగుడ్డలో మూటకట్టి పొయ్యి గట్టు మీద వెచ్చగా పెడితే ముక్కు పగులుతుంది. ముక్కు పగిలిన గింజను మొన కిందికి వచ్చేట్టు, గింజ పొడవంత లోతులోనే పెట్టాలి. చాలామంది కొత్తవాళ్ళు గింజను పాతిపెడతారు, అది పైకి రాలేక లోపలే చస్తుంది. పిడక కరిగిన నీళ్ళు పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు. గింజలు పెట్టిన గుంటల్లోనే పోశాను.

మొలకలు లేచాయి. ఎర్ర పెంకుపురుగు పడితే, పొద్దున మంచు తడి ఆరకముందే ఆకుల మీద బూడిద చల్లాను. తీగలు పందిరెక్కి, పందిరి మీద నుంచి చూరెక్కాయి. సొర పువ్వు మునిమాపున విచ్చుకుంటుంది. చీకటి పడేటప్పుడు ఇంటి కప్పంతా తెల్లటి పూలు కళ్ళు తెరిచేవి. ఆ వేళకు మా పెరటి వైపు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఆ తీగ ఏ చేతిలో నుంచి మొలిచిందో ఊరందరికీ తెలుసు. నేను మగపువ్వు తుంచి, కింద పిందె ఉన్న ఆడపువ్వులో పుప్పొడి రాసేదాన్ని. అలా చెయ్యకపోతే పిందెలు నిలవవు, కుండీల వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. రాస్తుంటే నా చెయ్యి పక్కన ఇంకో చెయ్యి కదిలినట్టుండేది. ఆకులు తొలగించి నాకు పువ్వు అందించినట్టుండేది. నాకు భయమూ వేసేది, అది ఆగిపోకూడదనీ ఉండేది.

మాఘం వెళ్ళేసరికి అత్త చెప్పినట్టే వచ్చింది. పందిరి కిందికి వెళ్ళి, నోరు తెరిచి, “ఓయమ్మో, ఎన్ని పిందెలో!” అంటూ వేలు పెట్టి చూపించింది. అవ్వ గట్టిగా అరిచింది. పిందెకు వేలు చూపించకూడదు, కుళ్ళిపోతుంది, చూపించాలంటే పిడికిలి మూసి చూపించాలి. రెండు రోజుల్లో ఆ పిందె కుళ్ళి రాలింది. పిందెను ఈగ కుట్టి గుడ్లు పెట్టడం వల్ల అలా అవుతుందని, పాత గుడ్డ చుడితే నిలుస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఆ పిందె లెక్కను మాత్రం నేను అత్త ఖాతాలోనే ఉంచాను.

మంచి కాయ ఒకటి చూసి విత్తనానికి తీగ మీదే వదిలేశాం. అది ఎండాక గింజలను బూడిదలో కలిపి కుండలో పోశాను. అవ్వ పిడక కొట్టమంది. నేను కొట్టలేదు. నా చెయ్యి గోడ మీద ఉండిపోయి, నేను పోయాక ఎవరో పొద్దున్నే వచ్చి దాన్ని తడుముతూ నిలబడటం నాకు ఇష్టం లేదు.

అదంతా తర్వాతి మాట. కోతకు వచ్చిన మొదటి కాయను అత్త వచ్చిన రోజునే కోశాను. ఎండురొయ్యలు వేసి కూర చేశాను. ఆ పూట వంట నేనే చేస్తానని పట్టుబట్టాను. అమ్మ చేస్తుంటే ఎన్నిసార్లు చూశానో. రొయ్యలు వేయించి తలలు తీసి, సొర ముక్కలు సగం మగ్గాక వేసి, చివర్లో మెంతిపొడి చల్లాను. దీపాలు పెట్టే వేళ. నాయన వసారాలో పీట మీద కూర్చున్నాడు. అత్త విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుంది. అవ్వ గడప దగ్గర ఉంది. నేను వడ్డించి వంటింట్లోకి వచ్చి తలుపు వెనక నిలబడ్డాను.

నాయన కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. అత్త, “ఉండనీరా తమ్ముడా, పిల్లను ఈడే ఉండనీ. నేను తీసకపోను” అంది. నేను గెలిచాను. తలుపు చెక్కను ఆనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

అమ్మను నాయన పేరు పెట్టి పిలిచేవాడు కాదు. వంటింటి వైపు తల తిప్పకుండా, “ఏమేయ్” అని కొంచెం సాగదీసి ఒక కేక వేసేవాడు, అమ్మ “తెస్తుండా” అంటూ వచ్చేది. అమ్మ పోయాక ఆ కేక మా ఇంట్లో వినబడలేదు.

“ఏమేయ్, ఇంకొంచెం కూర తే” అన్నాడు నాయన.

అత్త చేతిలో విసనకర్ర ఆగిపోయింది. అవ్వ కనిపించని కళ్ళతో వంటింటి వైపు తిరిగింది. నాయన తల వంచుకుని అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. తను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

“తెస్తుండా” అని వంటింట్లో నుంచి జవాబు వెళ్ళింది.

ఆ గొంతు నాదే. కానీ ఆ మాట అనాలని నేను అనుకోలేదు. గిన్నె తీసుకుని బయటికి వచ్చి, అమ్మ వంగినట్టే వంగి ఆయన కంచంలో కూర వేశాను. ఆయన తలెత్తి చూడలేదు, చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో నన్ను ఎవరూ పాపా అని పిలవలేదు.